మందు మానేశాను, ఇంకా ఏం మారాలి?

ప్రశ్న: నా వయసు 41. పదిహేనేళ్లు తాగాను. చికిత్స తీసుకుని మానేసి ఎనిమిది నెలలైంది, ఒక్క చుక్క ముట్టలేదు. అయినా నా భార్య ‘నీ కోపం అలాగే ఉంది, ఏదడిగినా దాస్తావు’ అంటుంది. కౌన్సెలర్ కూడా ‘మానడం సగమే, మీరు మారాలి’ అంటున్నారు. ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. ఒక్కోసారి మారాలనీ అనిపిస్తుంది, కానీ లోపల ఏదో గట్టిగా అడ్డుపడుతోంది. నాలోనే ఏదైనా లోపం ఉందా?

జవాబు: ఎనిమిది నెలలు! ముందు దాని గురించే మాట్లాడాలి, మీ ఇంట్లో ఎవరూ మాట్లాడినట్టు లేదు కాబట్టి. పదిహేనేళ్ల అలవాటును పక్కన పెట్టి ఒక్కో సాయంత్రాన్నీ దాటడం ఎంత కష్టమో దాటినవారికే తెలుసు. మీ ఒళ్లు మండడంలో న్యాయం ఉంది.

కోపమంతా మీ స్వభావమేనని అప్పుడే తేల్చుకోకండి. ఏళ్ల తరబడి మద్యానికి అలవాటుపడిన మెదడు సర్దుకోవడానికి సమయం పడుతుంది. నిద్ర పట్టకపోవడం, చిరాకు, దిగులు కొందరిలో నెలల తరబడి ఉంటాయి. ఇది మీ డాక్టరుకు తప్పక చెప్పండి.

దాపరికం సంగతి వేరు. తాగే రోజుల్లో ఎక్కడికి వెళ్లారో, డబ్బు ఏమైందో దాచాల్సి వచ్చేది. ఇప్పుడు దాచడానికి ఏమీ లేదు. అయినా ‘ఎక్కడున్నావు?’ అని అడగగానే గుండె ఝల్లుమంటుంది, నోటికి అబద్ధమే ముందు వస్తుంది. ఇన్నేళ్లూ మిమ్మల్ని నిలదీతల నుంచి కాపాడింది ఆ అలవాటే. దాన్ని వదిలేయమంటే లోపలి మనిషి భయపడతాడు, అడ్డుపడతాడు. ఇది లోపం కాదు.

ఆ అడ్డు రోజురోజుకూ గట్టిపడడానికి మరో కారణం ఉందని నా అనుమానం. విలియం మిల్లర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త మద్యం సమస్య ఉన్నవారితో పనిచేస్తూ, 1983లో ‘మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్’ అనే కౌన్సెలింగ్ పద్ధతిని వివరించారు. దాని వెనకున్న గమనిక చాలా సూటిగా ఉంటుంది. మారాలా వద్దా అని ఊగిసలాడే మనిషితో ఎవరైనా ‘మారాలి’ అని వాదిస్తే, అతను రెండో పక్షం తీసుకుంటాడు. మీ ఇంట్లో జరుగుతున్నది ఇదే. ‘మారాలి’ అన్న పక్షాన్ని మీ భార్య, కౌన్సెలర్ పట్టుకున్నారు. మీకు మిగిలింది ‘మారను’ అనడమే. మారాలని మీకూ అనిపిస్తుందని రాశారు కదా, ఆ మాట వాళ్లతో ఎప్పుడైనా అన్నారా? ఒకసారి మీ నోటితో అనండి. ఎందుకు మారాలనిపిస్తోందో మీ కారణాలే చెప్పండి, వాళ్లవి కాదు.

మందు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా నిలిచే సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్, 1935లో మొదలైంది. కోలుకోవడానికి వారు చెప్పే పన్నెండు మెట్ల గురించి వినే ఉంటారు. మద్యం ప్రస్తావన మొదటి మెట్టులోనూ, తోటి బాధితులకు సాయపడమనే చివరి మెట్టులోనూ మాత్రమే ఉంది. మధ్యలోని పదింటిలో ఆ మాటే రాదు, అవన్నీ మనిషి గురించే. మీ కౌన్సెలర్ చెబుతున్నదీ ఇదే, కాకపోతే మీకది నిందలా వినిపించింది. వాటిలో ఆరో మెట్టు నాకు చాలా ఇష్టం. లోపాలను వదులుకోవడానికి సిద్ధపడడమే ఆ మెట్టు, అంతకు మించి ఏమీ లేదు. సిద్ధపడడానికే ఒక మెట్టు పట్టిందంటే, మీ తటపటాయింపు ఎంత సహజమో చూడండి.

అందుకే కోపం, దాపరికం అన్నీ ఒకేసారి మానేస్తానని మాట ఇవ్వకండి. ఒక నెల పాటు ఒక్క పని చేయండి. అబద్ధం నోరు జారితే ఆ రోజు ముగిసేలోపు సరిదిద్దండి. ‘ఇందాక అబద్ధం చెప్పాను, జరిగింది ఇది’ అంటే చాలు, సంజాయిషీ అక్కర్లేదు. మొదటి రెండు మూడు సార్లు సిగ్గుతో చచ్చినంత పనవుతుంది. ఆ సిగ్గే మళ్లీ మందు వైపు లాగవచ్చు. అలా అనిపిస్తే ఒంటరిగా ఉండకండి, అదే రోజు కౌన్సెలర్‌కు ఫోను చేయండి.

మీ భార్యకు ఈ సంగతి ముందే చెప్పండి. మెచ్చుకోనక్కర్లేదని, సరిదిద్దిన అబద్ధాన్ని మాత్రం పోట్లాటకు వాడుకోవద్దని అడగండి. ఆమె కూడా ఏళ్లపాటు మీ జేబులు వెతికి, మీ అడుగుల చప్పుడు విని బతికిన మనిషి. ఆ కాపలా మానడం ఆమెకూ కష్టమే. ఇంకొన్నాళ్లు ఆమె మిమ్మల్ని అనుమానిస్తుంది, మీరు నిజం చెప్పిన రోజున కూడా.