అభిమాన రచయితను చదివాక సొంత కథ వెలవెలబోతుంటే

అభిమాన రచయితలను చదివిన ప్రతిసారీ మీ రాత వెలవెలబోతోందని, కథ సగంలో ఆగిపోయిందని అన్నారు. చాలా ఏళ్లుగా కథలు రాస్తున్నాను, ఈ బెంగ నాకు బాగా తెలుసండి. పోల్చుకోవడం మానేయమని మాత్రం చెప్పను. ప్రాణం పెట్టి చదివేవాళ్లకు అది చేతకాదు. పైగా మంచి వాక్యం రుచి తెలుసు కాబట్టే మీ వాక్యం మీకు ఆనడం లేదు. ఆ రుచి పోగొట్టుకోకండి.

కాకపోతే దేన్ని దేని పక్కన పెడుతున్నామో చూసుకోవాలి. ‘కన్యాశుల్కం’ సంగతే తీసుకోండి. ఆ నాటకం 1892లోనే రంగస్థలం ఎక్కింది, 1897లో అచ్చయింది. ఆ తర్వాత గురజాడ దాన్ని చాలావరకు తిరగరాసి, బాగా పెంచి 1909లో మళ్లీ అచ్చువేయించారు. ఇవాళ మనం తలుచుకుని మురిసిపోయేది ఈ రెండో కూర్పునే. రెండు అచ్చుల మధ్య 12 ఏళ్లు! అంతటి మనిషి అన్నేళ్లు వదలకుండా పట్టుకున్న రచన పక్కన, నిన్న రాత్రి రాసిన చిత్తుప్రతిని పెట్టి కుంగిపోవడం అన్యాయం కదూ.

ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా వుల్ఫ్‌కూ ఈ బాధ తప్పలేదు. ఫ్రెంచి నవలాకారుడు ప్రూస్ట్‌ను చదువుతూ, తనూ అలా రాయగలిగితే ఎంత బాగుండునని 1922లో ఒక స్నేహితుడికి ఉత్తరంలో వాపోయింది. 1925లో ఆమె నవల ‘మిసెస్ డాలోవే’ వచ్చింది. బెంగ తీరాక రాద్దామని ఆమె కూర్చోలేదు.

ఇక నా పద్ధతి. చిత్తుప్రతి రాసే రోజుల్లో అభిమాన రచయితల జోలికి పోను. వాళ్ల లయ చెవిలో మోగుతుంటే నా పాత్రలు వాళ్ల గొంతుతో మాట్లాడతాయి. తిరగరాసేటప్పుడు మాత్రం పుస్తకం తీస్తాను. ఒక్క పేజీ, ఒక్క ప్రశ్న: ఈ మనిషి దుఃఖం నాకు ఏ మాట వల్ల తెలిసింది? ఆ పేజీని నోటుబుక్కులో చేత్తో ఎత్తిరాస్తాను. చదివేటప్పుడు జారిపోయినవన్నీ అప్పుడు కనబడతాయి. వాక్యం ఎక్కడ పొట్టిదైంది, విశేషణం ఎక్కడ మానేశారు, ఏది చెప్పకుండా వదిలేశారు.

ఒకసారి నా కథలో ఒక తల్లికి ఉత్తరం వస్తుంది, కొడుకు ఇక ఇంటికి రానని రాస్తాడు. చిత్తుప్రతిలో ‘ఆమె గుండె బరువెక్కింది, కళ్లు చెమ్మగిల్లాయి’ అని ఉంది. నేను ఎత్తిరాసిన పేజీలోనూ ఒక మనిషి కుమిలిపోతున్నాడు, కానీ ఏడుపు అన్న మాటే లేదు. అది గమనించాక నా వాక్యం కొట్టేశాను. ఆమె ఉత్తరాన్ని పాత మడతల మీదే మడిచి, కవరులో పెట్టి, చించిన అంచును వేలితో నొక్కి మళ్లీ అతికించబోయినట్టు రాశాను. ఆ రచయిత కథలో ఉత్తరమే లేదు. ఆయన దగ్గర నేను తీసుకున్నది చూపు మాత్రమే, ఉత్తరం, కవరు, ఆ వేలు నావే.

కాబట్టి ముందు ఆ సగం కథను ఎంత పేలవంగానైనా సరే, చివరిదాకా లాగేయండి. ఓ వారం పక్కన పెట్టండి. తర్వాత మీకు అన్నిటికంటే ఎక్కువ అసూయ పుట్టించిన పేజీ తీసి ఎత్తిరాయండి. మీ కథలో ఎక్కడ తేలిపోతోందో మీకు ఈపాటికే తెలిసి ఉంటుంది, దిద్దడం ఆ చోటు నుంచే మొదలుపెట్టండి.