తాతయ్య ఏం నేర్పించారు?

ప్రశ్న: మా నాన్న పోయి పదకొండు నెలలైంది. ఇక్కడి రైలుపెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. వచ్చే నెల సంవత్సరీకం. ఐదో క్లాసు చదివే మా అబ్బాయి మొన్న, ‘తాతయ్య నీకేం నేర్పించారు నాన్నా?’ అని అడిగితే నోట మాట రాలేదు. ఆయన నన్నెప్పుడూ కూర్చోబెట్టి మంచీచెడ్డా చెప్పిన మనిషి కాదు. 1979 నుంచి రాసిన ఇంటి ఖర్చుల పుస్తకాలు మాత్రం ఒక గోతాం నిండా ఉన్నాయి. ఇల్లు ఇరుకు, పాత పేపర్లవాడికి వేసేద్దామంటున్నారు ఇంట్లో. ఏం చేయాలో తోచడం లేదు.
– ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై

జవాబు: ముందు ఆ గోతాం జోలికి ఎవర్నీ పోనివ్వకండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మా నాన్న కోడంబాకంలో ఒక చిన్న తెలుగు ప్రెస్సులో కంపోజిటరు, అంటే అచ్చుకి సీసపు అక్షరాలు పేర్చే మనిషి. ఆయనా నాకేమీ చెప్పలేదు. ఎండాకాలం సెలవుల్లో క్యారేజీ పట్టుకెళ్లి సాయంత్రం దాకా అక్కడే ఉండేదాన్ని. ఎడమచేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు, కుడిచేత్తో గళ్లలోంచి ఒక్కో సీసపు అక్షరం. తలకిందులుగా పేర్చిన వరుసని ఆయన గడగడా చదివేసేవారు. అక్షరాలు పెట్టే గళ్ల పెట్టెల్ని కేసులంటారు; ఇంగ్లిషు కేసులకి తెలుగు కేసులు ఎన్నో రెట్లు. గుణింతాలు, ఒత్తులు, అన్నిటికీ వేరే గళ్లు ఉండాలి కదా. అచ్చయిపోయాక ఫారం, అంటే పేర్చి బిగించిన పేజీ, విప్పి, ఏ అక్షరం గడిలో ఆ అక్షరాన్ని తిరిగి వేసేయాలి. అది అయ్యేదాకా నాన్న చొక్కా తగిలించుకునేవారు కాదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు సాయం చేస్తానని గుప్పెడు ‘ప’లు తీసుకెళ్లి ‘వ’ గడిలో పోశాను. మర్నాడు శుభలేఖ ప్రూఫులో వధువు కాస్తా ‘పధువు’ అయింది. ఆ కార్డు కట్టింది ఇంకో కంపోజిటరు. ఓనరు అందరి ముందూ ఆయన్ని తిడుతుంటే, మా నాన్న చేతిలో పని ఆపి వెళ్లి, ‘తప్పు మాదండీ, మా అమ్మాయి చేసింది’ అన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. సాయంత్రం అందరూ వెళ్లాక ఆ గడి మొత్తం కాగితం మీద బోర్లించి నా ముందు పెట్టారు. ఒక్కొక్కటీ లైటు కింద పెట్టి చూసి వేరుచేశాను. పక్కనే స్టూలు మీద కూర్చుని, నేనడిగితే తప్ప చెయ్యి పెట్టలేదు. అయ్యాక సబ్బుతో నా చేతులు రెండుసార్లు కడిగి, బజారులో మురుకులు కొనిపెట్టారు. సీసం ఒంట్లోకి పోతుందని ఆయనకి ఎప్పుడూ భయమే.

తర్వాత నేను ముప్పై ఏళ్లు బ్యాంకులో చేశాను. మర్నాడు ఆ సీట్లో కూర్చునే మనిషికి చిక్కు రాకుండా కాగితాలు సర్దకుండా ఒక్కరోజూ లేవలేదు. అది ఎక్కడ నేర్చుకున్నానో నాన్న పోయిన చాన్నాళ్లకి గాని నాకు తట్టలేదు. మీకూ తడుతుంది. ‘ఏం చెప్పారు’ అని వెతక్కండి, దొరకదు. ఆయన చేతులు ఏ పని ఎలా చేసేవో గుర్తు తెచ్చుకోండి. ఊడిన మేకు ఎక్కడ దాచేవారు, అప్పు అడిగినవాడికి ఎలా జవాబిచ్చేవారు, పండక్కి ఎవరింటికి ముందు వెళ్లేవారు. ఆయనతో ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లు పెరంబూరులో, విల్లివాక్కంలో ఇంకా ఉంటారు. వెళ్లి కూర్చోండి. మీకు తెలియని నాన్న వాళ్ల దగ్గర ఉంటాడు.

నచ్చనివి గుర్తొచ్చినా తోసేయకండి. హైదరాబాదు వెళ్లి చదువుకుంటానంటే మా నాన్న పంపలేదు. ఆ కోపం నాలో చాలా ఏళ్లు ఉంది. అదీ ఆయనే.

అబ్బాయిని ఒక ఆదివారం ఐసీఎఫ్ దగ్గరున్న రైలు మ్యూజియానికి తీసుకెళ్లండి. వందే భారత్ అంటే వాడికి తెలిసే ఉంటుంది. 2018లో మొదటిది బయటికొచ్చింది తాతయ్య పనిచేసిన ఫ్యాక్టరీ నుంచే అని చెప్పండి. అక్కడ ఏదో ఒక పాత పెట్టె పక్కన నిలబడి, ఫిట్టరంటే ఏం చేస్తాడో చూపించండి. సంవత్సరీకం రోజు పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు, మీకు గుర్తున్న ఒక్క సంగతి ఉన్నదున్నట్టు చెబితే చాలు.

ఇక పుస్తకాలు. రోజుకి కొన్ని పేజీల చొప్పున ఫోనుతో ఫొటోలు తీసుకోండి. చోటు లేకపోతే మొదటిదీ చివరిదీ అయినా ఉంచుకోండి. మన మద్రాసు పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రావట్లేదు, అది వాళ్ల తప్పు కాదు. అంకెలు వాడు చదువుతాడు, పక్కనున్న మాట మీరు చదివి చెప్పండి. ఈ రాత్రే మీరు పుట్టిన నెల ఏ పుస్తకంలో ఉందో వెతకండి. ఆ వారం ఆయన దేనికి ఎంత ఖర్చుపెట్టారో, ఎవరి దగ్గర చేబదులు తెచ్చారో చూడండి.