మ్యాపులో రంగు ఉంటే జంతువు ఉన్నట్టేనా?

ప్రశ్న: ప్రమాదంలో ఉన్న జంతువుల ఆవాసాల మ్యాపు చూశాను. మేం ఏనాడూ నీటికుక్కను చూడని వాగు కూడా ముదురు రంగులో ఉంది. మ్యాపు తప్పా?

జవాబు: తప్పు కాదండీ. ఆ రంగుకి అర్థం నీటికుక్క అక్కడ బతకగలదని, ఉందని కాదు. ఇలాంటి మ్యాపులు తయారుచేయడమే నా పని. కెమెరా ట్రాప్ (జంతువు కదిలితే తనంతట తానే ఫొటో తీసే కెమెరా) ఫొటోలు, మలం, అడుగుజాడలు దొరికిన చోట్లు తీసుకుని అక్కడి వర్షపాతం, ఎత్తు, చెట్లు, నీటికి దూరం లెక్కగడతాం. అలాంటి పరిస్థితులు ఇంకెక్కడున్నాయో కంప్యూటర్ వెతుకుతుంది. మాక్సెంట్ అనే కంప్యూటర్ పద్ధతిని ఇందుకు బాగా వాడతారు.

నాకు అసలు టెన్షన్ రోడ్లతోనే. మనుషులు తిరిగే దారుల పక్కనే జంతువుల ఆనవాళ్ల రికార్డులు ఎక్కువ దొరుకుతాయి. సరిచేయకపోతే జంతువుకు రోడ్డు పక్కే ఇష్టమన్నట్టు మ్యాపు వస్తుంది. అందుకే ఒకేచోట కుప్పగా ఉన్న రికార్డుల్లో కొన్ని తీసేస్తాం.

వేట, ఉచ్చులు చాలా మ్యాపుల్లోకి ఎక్కవు. మీ వాగు ఖాళీ కావడానికి అదీ కారణం కావచ్చు. ముందు గట్టు రాళ్ల మీద మలం ఉందేమో చూడండి. నీటికుక్కదైతే చేప పొలుసులు, పీత పెంకులు ఉంటాయి. దొరక్కపోయినా ఆ వాగును వదలొద్దు. రెండు నీటికుక్కల గుంపుల మధ్య రాకపోకలకు అదే దారి కావచ్చు. అక్కడ ఇసుక తవ్వకాలకు అనుమతి ఇచ్చే ముందే సర్వే చేయమని గట్టిగా అడగండి.