పెళ్లయి ఎనిమిది నెలలైనా కలవలేకపోతున్నాం, వరంగల్‌లో సెక్స్ థెరపిస్ట్ దొరుకుతారా?

మీరు రాసింది ఇది: హనుమకొండలో ఉంటున్నారు, పెళ్లయి ఎనిమిది నెలలు. ప్రయత్నించిన ప్రతిసారీ మీ ఆవిడకు భరించలేని నొప్పి, తొడలు బిగుసుకుపోతాయి. ఈ రెండు నెలల నుంచి మీకూ అంగస్తంభన నిలవడం లేదు. డాక్టర్ దగ్గరికి పోదామంటే "అక్కడ బట్టలు విప్పమంటారా" అని ఆమె భయపడుతోంది.

ముందు ఆమె భయం సంగతి. విప్పమనరు. సెక్స్ థెరపీ అంటే కుర్చీల్లో కూర్చొని మాట్లాడుకోవడం, ఇంటికెళ్లి మీరిద్దరే చేసుకోవాల్సిన అభ్యాసాలు నేర్చుకోవడం. థెరపిస్ట్ మిమ్మల్ని ముట్టుకోరు, తమ ముందు ఏదీ చేసి చూపించమనరు. అలా అడిగినవాళ్లు థెరపిస్టులు కారు, వెంటనే లేచి వచ్చేయండి. శరీర పరీక్ష అవసరమైతే ఆమెను గైనకాలజిస్ట్ చూస్తారు. అదీ ఆమె ఒప్పుకున్నాకే, పక్కన ఇంకో ఆడమనిషి ఉండగా. "ఇవాళ వద్దు" అనే హక్కు ఆమెకుంది, మంచి డాక్టర్ ఆ మాట వింటారు.

ఇక వెతకడం. "సెక్స్ థెరపిస్ట్" అనే బోర్డును నమ్మి లోపలికి పోకండి. మన దేశంలో ఆ పేరుకు విడిగా లైసెన్సు లేదు, ఎవరైనా రాసుకోవచ్చు. చూడాల్సింది బోర్డు వెనకున్న చదువు. సైకియాట్రిస్ట్ (మానసిక వైద్యుడు) అయితే ఆ విభాగంలో ఎండీ, డీఎన్‌బీ లేదా డీపీఎం అనే డిప్లొమా, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. సైకాలజిస్ట్ మందులు రాయకూడదు, సైకియాట్రిస్ట్ రాయొచ్చు. మీ ఇద్దరి విషయంలో మొదట సైకియాట్రిస్ట్, గైనకాలజిస్ట్ కలిసి చూడటం మంచిది.

ఖర్చు భయముంటే వరంగల్‌లోని ప్రభుత్వ ఎంజీఎం ఆస్పత్రి మానసిక వైద్య విభాగంలో ఓపీ చీటీ తీసుకోండి. కాకతీయ మెడికల్ కాలేజీకి అనుబంధ ఆస్పత్రి అది. కరీంనగర్ వైపు వాళ్లకు అక్కడి మెడికల్ కాలేజీ ఆస్పత్రులున్నాయి. మంచిర్యాల, జగిత్యాల, మహబూబాబాద్‌లలో కూడా 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఎవరిని అడగాలో తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. అది మానసిక ఆరోగ్య సలహాకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ లైను, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. హైదరాబాద్‌లోని థెరపిస్ట్‌తో వీడియోలో మాట్లాడటమూ కుదురుతుంది. కానీ మొదటి పరీక్షలు ఎదురుగానే జరగాలి. ఇంట్లో అందరూ ఉంటారని ఫోన్ పట్టుకొని డాబా ఎక్కి గుసగుసలాడితే సగం మాటలు మింగేస్తారు, దానికన్నా బస్సెక్కి పోయి రావడం మేలు.

అపాయింట్‌మెంట్‌కు ముందే ఫోన్‌లో ఈ రెండూ అడగండి: భార్యాభర్తల్ని కలిపి చూస్తారా? కలయికలో నొప్పికి, వెజైనిస్మస్‌కు (యోని కండరాలు వాటంతటవే బిగుసుకుపోవడం) అభ్యాసాలు నేర్పిస్తారా? "మందు వాడితే సరిపోద్ది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఇంకొకరిని చూసుకోండి.

చౌరస్తాల్లో, రైల్వే స్టేషన్ల దగ్గర గోడల మీద "నరాల బలహీనత, మగతనం" అనే పోస్టర్లుంటాయి. ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో డాక్టర్ గారు ఉంటారు, గ్యారంటీ అంటారు. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం అంగస్తంభన సమస్యకు మందుందని ప్రచారం చేయడమే నేరం. అక్కడ అమ్మే పేరులేని పొడుల్లో సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) కలిపి అమ్మిన సందర్భాలు ఉన్నాయి. గుండెజబ్బుకు సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు అది మింగితే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది, ప్రాణం పోవచ్చు. హస్తప్రయోగం వల్లే ఇలా అయిందని అక్కడ కచ్చితంగా చెబుతారు. అది అబద్ధం. దయచేసి ఆ మాటను మనసులో పెట్టుకోకండి.

మొదటి సిట్టింగ్ సాధారణంగా 45 నిమిషాల నుంచి గంట. ఇద్దరితో కలిపి, తర్వాత ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతారు. మిమ్మల్ని తప్పకుండా అడిగేది, పొద్దున లేచేసరికి స్తంభన ఉంటోందా అని. ఉంటే రక్తనాళాలు, నరాలు చాలావరకు బాగున్నట్టే, అడ్డుపడుతున్నది ఆందోళన. భయంలో ఒంట్లో విడుదలయ్యే అడ్రినలిన్ అంగంలోని రక్తనాళాల్ని బిగిస్తుంది. "ఈసారైనా అవుతుందా" అని లోపల కాపలా కాసే కొద్దీ స్తంభన తగ్గుతుంది. అయినా షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోండి. టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ పరీక్ష రాస్తే రక్తం పొద్దున్నే ఇవ్వాలి, సాయంత్రానికి ఆ హార్మోన్ తగ్గుతుంది. డిప్రెషన్ మాత్రలు, కొన్ని బీపీ మాత్రలు కూడా కోరికనో స్తంభననో తగ్గిస్తాయి. వాడుతుంటే చెప్పండి, సొంతంగా మానకండి.

ఆమెను విడిగా అడిగేటప్పుడు చిన్నప్పటి చెడు అనుభవాలు, నొప్పి ఎక్కడ, ఎలాంటిది, నెలసరిలో కప్పు లాంటిది పెట్టగలరా అని అడుగుతారు. ఇక్కడ చాలామందికి నోట మాట రాదు. తెలుగులో ఆ అవయవాల పేర్లు మనం తిట్లలోనే వింటూ పెరిగాం. అందుకే మంచి థెరపిస్ట్ మొదటి రోజే మీతో కలిసి మాటలు ఎంచుకుంటారు, "యోని", "అంగం" అని పెట్టుకున్నా, ఇంగ్లిషు పేర్లు పెట్టుకున్నా. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ, ఇద్దరూ ఇంట్లో ఆ మాటలు వాడగలిగిన రోజు నుంచే పని ముందుకు సాగుతుంది.

తర్వాత వచ్చే మొదటి సలహాకు అందరూ ఆశ్చర్యపోతారు: కలయిక ప్రయత్నం పూర్తిగా ఆపేయండి. మాస్టర్స్, జాన్సన్ అనే అమెరికన్ పరిశోధకులు చికిత్సగా మలిచిన పద్ధతి ఇది. వారానికి రెండు మూడుసార్లు, ఒకరు 15, 20 నిమిషాలు తాకుతారు, ఇంకొకరు ఊరికే అనుభవిస్తారు, తర్వాత మార్చుకుంటారు. మొదటి దశలో రొమ్ములు, జననాంగాలు ముట్టరు. అవి తర్వాతి దశలో. పరీక్ష రాయాల్సింది లేదని శరీరానికి తెలిసిన కొద్దీ మీ స్తంభన దానంతటదే తిరిగి వస్తుంది. అప్పుడూ కలవకూడదు, థెరపిస్ట్ చెప్పేదాకా.

అదే సమయంలో ఆమె ఒంటరిగా చేసుకునే అభ్యాసం వేరే ఉంటుంది. వెజైనిస్మస్‌లో యోని చుట్టూ ఉన్న కండరాలు ఆమె ప్రమేయం లేకుండానే బిగుసుకుంటాయి. మొండితనమూ కాదు, ఇష్టం లేకపోవడమూ కాదు. ముందు అద్దంలో చూసుకోవడం, తర్వాత ఆ కండరాన్ని బిగించి వదలడం నేర్చుకోవడం. ఆ తర్వాత నీటి ఆధారిత జెల్ రాసుకొని చిటికెనవేలి కొస లోపలికి పెట్టుకోవడం, మెల్లగా ఊపిరి వదులుతూ, కొంచెం కిందికి ముక్కినట్టు చేస్తూ. అలా చేస్తే కండరం వదులవుతుంది. రోజూ 10, 15 నిమిషాలు. నొప్పి, భయం లేకుండా వేలు ఉండగలిగాకే పెద్ద వేలు, లేదా డైలేటర్లలో (ఈ అభ్యాసానికి వాడే, వేర్వేరు సైజుల నున్నటి గొట్టాలు) తర్వాతి సైజు. కొబ్బరినూనె వాడేవాళ్లు గుర్తుంచుకోండి, నూనె తగిలితే లేటెక్స్ కండోమ్ బలహీనపడి చిరిగిపోవచ్చు.

చివరి దశలో ఆమె పైన ఉండి, ఎంత లోపలికి అన్నది తానే నిర్ణయించుకుంటుంది. మొదట కదలకుండా ఊరికే ఉండటం, కదలిక తర్వాత. వారానికో రెండు వారాలకో ఒక సిట్టింగ్ చొప్పున మొత్తం కొన్ని నెలలు పడుతుంది.

చెడేది ఎక్కువగా ఒకే చోట. ఒక రాత్రి బాగా గడిచిందని తొందరపడి కలవబోతారు, నొప్పి తిరిగొస్తుంది, ఆమె శరీరం నెల రోజులు వెనక్కి పోతుంది. ఆ తొందర చాలాసార్లు భర్తది. అత్తగారు "ఏమన్నా విశేషమా" అని అడుగుతున్నారని భార్య పళ్లు బిగించి ఓర్చుకోవడం కూడా అంతే చెరుపు. మత్తు జెల్ రాసి, లేదా మద్యం తాగించి పని కానిచ్చేయమనే సలహాలు అస్సలు వినకండి.

ఇంకో పొరపాటు, సిగ్గుతో నేరుగా సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్లడం. అక్కడ కలయికే జరగలేదని చెప్పకపోతే హార్మోన్ పరీక్షలు, ట్యూబుల (గర్భాశయం పక్కనుండే నాళాల) పరీక్ష రాస్తారు. వెజైనిస్మస్ ఉన్నామెకు ఆ ట్యూబుల పరీక్ష నరకం. పిల్లల గురించి తర్వాత ఆలోచించొచ్చు.

రేపు ఓపీలో నోరు రాకపోతే ఒక చీటీ మీద ఇలా రాసి డాక్టర్ చేతికివ్వండి: "పెళ్లయి ఎనిమిది నెలలు. ఇంకా కలయిక జరగలేదు. ఆమెకు నొప్పి, నాకు స్తంభన నిలవడం లేదు. ఇద్దరం కలిసి వచ్చాం." గదిలో విద్యార్థులుంటే బయటికి పంపమని అడగండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీ వివరాలు గోప్యంగా ఉంచే హక్కు ఇచ్చింది, మీ అమ్మానాన్నలు వచ్చి అడిగినా సరే.