అమెరికా టికెట్ ఏ నెలలో తక్కువ? కాజీపేట నుంచి రెండుసార్లు వెళ్లొచ్చిన మా అనుభవం

నర్సంపేట దగ్గర మీకు మూడెకరాల మిర్చి ఉందని, మీ కొడుకు అమెరికాలోని డల్లాస్‌లో ఉంటాడని, భార్యాభర్తలిద్దరూ మొదటిసారి వెళ్తున్నారని రాశారు. ఎండలు తప్పించుకోవడానికి మే నెలలో బయల్దేరుదామనుకుంటే టికెట్ ధర చూసి భయమేస్తోంది, ఏ నెల అయితే మంచిది అని అడిగారు.

మేము కాజీపేటలో ఉంటాం. మా ఆయన లోకో షెడ్‌లో పనిచేసి రిటైరయ్యారు. మా బిడ్డ కూడా డల్లాస్ దగ్గరే ఉంటుంది. రెండుసార్లు వెళ్లొచ్చాం. మొదటిసారి రానూపోనూ మనిషికి 1,28,000 అయింది. రెండోసారి 86,000. అదే ఊరు, అదే దూరం, అవే ఎకానమీ సీట్లు. ఇద్దరికీ కలిపి 84,000 తేడా వచ్చింది. ఆ డబ్బు మనలాంటి వాళ్లకు చిన్నదేం కాదు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

మొదటిసారి 2018 జులై 30న వెళ్లాం. ఆగస్టు రెండో వారంలో బిడ్డకు కాన్పు అని డాక్టర్ చెప్పారు, కాబట్టి తేదీ మా చేతిలో లేదు. విమానం ఎక్కాక చూస్తే చుట్టూ అందరూ పిల్లలే. కొత్త సూట్‌కేసులు, కొత్త బూట్లు, కళ్లలో నీళ్లు. అమెరికాలో కాలేజీలు ఆగస్టు చివర్లో మొదలవుతాయి, మన వైపు నుంచి ఎమ్మెస్‌కు వెళ్లే పిల్లలంతా జులై ఆఖరు, ఆగస్టు మొదట్లోనే బయల్దేరతారు. అక్కడ స్థిరపడిన వాళ్లు కూడా జూన్, జులైలో పిల్లల సెలవులకు ఇక్కడికి వచ్చి, బడులు తెరిచేలోపు అదే రోజుల్లో తిరిగి వెళ్తారు. డల్లాస్ ఉన్న టెక్సాస్‌లో బడులు చాలావరకు ఆగస్టు మధ్యలో తెరుస్తారు. ఈ రెండు గుంపుల మధ్య మేము కూడా సీటు వెతుక్కున్నాం. ధర పెరగక ఏమవుతుంది?

టికెట్ ధర సంగతి అప్పుడే నాకు అర్థమైంది. జనం ఎటు పోతున్నారో అటు ధర ఎక్కువ, వాళ్లకు ఎదురు పోతే తక్కువ. జూన్‌లో, డిసెంబర్ మధ్యలో అమెరికా నుంచి ఇండియాకు వచ్చే వైపు రద్దీ. ఆగస్టు, జనవరి మొదటి సగంలో ఇండియా నుంచి అమెరికాకు పోయే వైపు రద్దీ. రానూపోనూ టికెట్ కొన్నప్పుడు పోయే తేదీ, వచ్చే తేదీ రెండూ కలిసి ధర తేలుతుంది. చాలామంది పోయే తేదీ ఒక్కటే చూసి, వచ్చే తేదీ ఏదో ఒకటి పెట్టేస్తారు. మేము మాత్రం తిరుగు ప్రయాణంలో ఇంకో రకంగా నష్టపోయాం.

ఆ సంగతి కూడా చెప్తాను. తిరుగు ప్రయాణం 2019 జనవరి 10కి పెట్టుకున్నాం. జనవరిలో ఇటు వచ్చే జనం తక్కువే కాబట్టి ఆ తేదీ తప్పు కాదు. తప్పు దారిలో జరిగింది. టికెట్ కొనిపెట్టిన ఏజెంట్, ఢిల్లీ దాకా ఒక టికెట్, ఢిల్లీ నుంచి శంషాబాద్‌కు వేరే టికెట్ తీసుకుంటే ఆరు వేలు తగ్గుతుందన్నాడు. సరే అన్నాం. డిసెంబర్ చివర, జనవరిలో ఢిల్లీలో పొగమంచు ఎట్లా ఉంటుందో మాకు తెలుసు, రైల్వే ఇల్లు కదా, ఆ నెలల్లో ఉత్తరాది రైళ్లు గంటలకు గంటలు లేటు రావడం ఏటా చూసేవాళ్లమే. అయినా విమానానికి అదే మంచు అడ్డమని తోచలేదు. మా విమానం ఆలస్యంగా దిగింది. దిగాక ఇమిగ్రేషన్ లైను, తర్వాత పెట్టెలు తీసుకుని మళ్లీ వేరే కౌంటర్‌లో ఇవ్వాలి. అంతలో హైదరాబాద్ విమానం పోయింది. ఒకే టికెట్ అయితే తర్వాతి విమానంలో పంపే బాధ్యత వాళ్లదే. వేరు టికెట్లు కాబట్టి మమ్మల్ని ఎవరూ పట్టించుకోలేదు. అక్కడికక్కడ కొత్తగా రెండు టికెట్లు కొంటే 19,000 అయింది. మా ఆయనకు షుగర్, కుర్చీలోనే రాత్రంతా గడిపారు. అందుకే గట్టిగా చెప్తున్నా: చలికాలంలో ఢిల్లీ మీదుగా వద్దు, ఏ కాలంలోనైనా వేరువేరు టికెట్లు వద్దు. శంషాబాద్‌లో ఎక్కితే దోహాలోనో దుబాయ్‌లోనో ఒక్కసారి మారి నేరుగా డల్లాస్‌లో దిగొచ్చు. మొదటిసారి వెళ్లే పెద్దవాళ్లకు రెండు, మూడు వేలు ఎక్కువైనా అదే మేలు.

ఆ దెబ్బతో రెండోసారికి నేనే కూర్చున్నాను. 2023 సెప్టెంబర్ నుంచి వారానికి రెండుసార్లు, ఫోన్‌లో గూగుల్ ఫ్లైట్స్ తెరిచి, నెలంతా కనపడే క్యాలెండర్‌లో ధరలు చూసేదాన్ని. గోడకున్న క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాసేదాన్ని. ఇంటికి వచ్చినవాళ్లు పాల లెక్క అనుకునేవారు. రెండు నెలలు రాసేసరికి వరస కళ్లకు కట్టింది. జనవరి చివరి వారం నుంచి మార్చి దాకా బయల్దేరే తేదీలు అన్నిటికన్నా తక్కువ. ఏప్రిల్ మొదటి పది రోజులు కొంచెం ఎక్కువ, 92,000 నుంచి 95,000 మధ్య. మన బడులకు ఏప్రిల్ 24 ప్రాంతంలో సెలవులు మొదలవుతాయి కదా, అక్కడి నుంచి లక్ష దాటి పోయింది. మే, జూన్ పైపైకే. సెప్టెంబర్ మళ్లీ కిందికి దిగింది. వారంలో మంగళ, బుధవారాలు శని, ఆదివారాల కన్నా మూడు నాలుగు వేలు తక్కువ చూపించాయి. ఫలానా రోజు అర్ధరాత్రి కొంటే తక్కువకు వస్తుందని మా బంధువుల్లో ఒకాయన అనేవారు. ఎన్నిసార్లు చూసినా నాకు అట్లాంటి తేడా కనపడలేదు. కొనే రోజు కాదు, ఎక్కే రోజే లెక్క.

నవంబర్ మధ్యలో కొన్నాం, అంటే ప్రయాణానికి మూడున్నర నెలల ముందు. డిసెంబర్‌లో ఊరికే చూస్తే అదే టికెట్ తొంభై దాటింది.

తేదీ ఎంచుకోవడంలో ఇంకో మాట. అన్నిటికన్నా తక్కువ ధర 2024 ఫిబ్రవరి 23న ఉంది, మేము కొన్నదాని కన్నా మూడు వేలు తక్కువ. కానీ ఆ ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా మేడారం జాతర. ఆ రోజుల్లో ఆర్టీసీ బస్సులన్నీ మేడారానికే, రోడ్డు మీద బండి కదలదు. పైగా సమ్మక్క తల్లి గద్దెకు వచ్చిన ఏడాది బెల్లం సమర్పించకుండా, తల్లికి ఎదురుగా కోళ్లను ఎగరేసే ఎదురుకోళ్లు చూడకుండా సముద్రాలు దాటి పోవడం నాకు మనసొప్పలేదు. మూడు వేలు పోతే పోయాయని 27వ తేదీ, మంగళవారం టికెట్ తీసుకున్నాం. మొక్కు చెల్లించుకుని నిమ్మళంగా బయల్దేరాం. శంషాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా పోయే విమానాలు ఎక్కువగా తెల్లవారుజామున ఉంటాయి. సాయంత్రం అన్నం తిని కారు ఎక్కితే సరిపోతుంది. నాలుగు పెద్ద పెట్టెలతో హైదరాబాద్ ఉప్పల్‌లో బస్సు మారడం మాత్రం పెట్టుకోకండి.

వచ్చే తేదీ ఆగస్టు 14, బుధవారం. ఇది మేము కావాలని వెతికి పెట్టుకున్నది. ఆగస్టులో అందరూ అటు పోతుంటే మేము ఇటు వచ్చాం. 2018లో మా జేబు ఖాళీ చేసిన నెలే ఈసారి మాకు కలిసొచ్చింది. రాఖీ పున్నానికి ఇంట్లో ఉన్నాం, మా తమ్ముళ్లకు రాఖీ కట్టాను.

విజిటర్ వీసా పదేళ్లకు ఇచ్చినా, దిగిన రోజు ఇమిగ్రేషన్ ఆఫీసర్ సాధారణంగా ఆరు నెలలే ఉండనిస్తారు. ఆ తేదీ ఐ-94 అనే రికార్డులో ఉంటుంది, మీ అబ్బాయి ఆన్‌లైన్‌లో చూసిపెడతాడు. దానికి ఒక్క రోజు కూడా మించకూడదు. ఫిబ్రవరి చివర పోయి ఆగస్టు మధ్యలో వస్తే ఆరు నెలలకు లోపలే అయిపోతుంది. మా ఆయనకు రైల్వే పెన్షన్, నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఈ లెక్కలో నవంబర్ ఇంటి దగ్గరే గడుస్తుంది. బతుకమ్మ, దసరా పోవు. పోయేది కొత్త మామిడికాయ పచ్చడి ఒక్కటే. దాని కోసం మా చెల్లె మాకూ రెండు జాడీలు పెట్టి ఉంచింది.

మీరు ఎండల గురించి కూడా అడిగారు. వరంగల్ ఎండను తప్పించుకుని డల్లాస్ పోతే జులై, ఆగస్టులో అక్కడా 38, 40 డిగ్రీలు ఉంటుంది. ఇళ్లన్నిటికీ ఏసీ ఉంటుంది కానీ పగలు బయట నడవలేరు. మాకు బాగా నచ్చింది మార్చి, ఏప్రిల్. పొద్దున ఒక స్వెటర్ చాలు. రోడ్ల పక్కన బ్లూబోనెట్ అని నీలం పూలు ఎకరాలకెకరాలు పూస్తాయి, మన కుసుమ చేను విరగబూసినట్టే ఉంటుంది, రంగే వేరు. ఏప్రిల్, మే నెలల్లో గాలివానలు, వడగళ్లు, అప్పుడప్పుడు టోర్నడో హెచ్చరికలు వస్తాయి. సైరన్ మోగితే ఇంట్లో కిటికీలు లేని గదిలోకి పోవాలి. మొదటిసారి విన్నప్పుడు నాకు చాలా టెన్షన్ అయింది. మీ అబ్బాయితో ముందే అడిగి ఏ గదిలోకి పోవాలో తెలుసుకోండి.

సెప్టెంబర్‌లో పోయి ఫిబ్రవరిలో రావడం కూడా ధరకు మంచిదే. కానీ చలికాలం పొద్దు ఐదున్నరకే కుంకుతుంది, కొడుకూ కోడలూ ఆఫీసు పని ముగించుకునేసరికి చీకటి. అరవై దాటిన వాళ్లకు ఆ ఒంటరితనం కష్టం. పిల్లలు న్యూజెర్సీ, చికాగో వైపు ఉంటే ఆ మంచులో అసలే వద్దంటాను. ఆస్ట్రేలియాకు ఈ లెక్కలేవీ పనికిరావు, అక్కడ కాలాలు తలకిందులు. డిసెంబర్, జనవరిలో వాళ్లకు ఎండాకాలం సెలవులు కాబట్టి అప్పుడే ధర మండుతుంది. మెల్‌బోర్న్‌లో కొడుకున్న మా వియ్యపురాలు మే నెలలో పోయి చాలా తక్కువలో వచ్చింది, కాకపోతే అక్కడ అది చలి మొదలయ్యే కాలం.

ఇక మీ మిర్చి సంగతి. మా పుట్టింట్లోనూ మిర్చి పెట్టేవారు, అందుకే మీకు ఫిబ్రవరి చెప్పలేను. కోత మధ్యలో చేను వదిలి ఎవరైనా ఎట్లా పోతారు? వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు బస్తాలు పోయేదీ ఆ నెలల్లోనే. పాలివాళ్ల మీద వదిలేసి పోతే టికెట్‌లో మిగిలిన దానికి నాలుగింతలు చేనులో పోతుంది. మార్చి ఆఖరుకు కోతలు అయిపోగొట్టుకోండి. ధర నచ్చితే అమ్మండి, లేకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టి రసీదు జాగ్రత్తగా దాచుకోండి. ఏప్రిల్ మొదటి వారంలో ఒక మంగళవారమో బుధవారమో బయల్దేరండి. వేసవి సెలవుల రద్దీ అప్పటికి ఇంకా మొదలుకాదు. తిరిగి ఆగస్టు మొదటి వారంలో వచ్చేయండి. నాట్లకు ముందే ఇంటికి చేరతారు, నారు సంగతి మాత్రం జులైలో ఎవరైనా మీవాళ్లకు అప్పజెప్పాలి. ఫిబ్రవరి ధర కన్నా మనిషికి ఏడెనిమిది వేలు ఎక్కువవుతుంది, మే ధర కన్నా మాత్రం బాగా తక్కువ. నాలుగు నెలలే కాబట్టి ఇన్సూరెన్స్ కూడా ఆరు నెలలకు కట్టినంత కాదు. ఇన్సూరెన్స్ లేకుండా మాత్రం ఒక్క రోజు కూడా ఉండొద్దు, అక్కడ ఆసుపత్రి బిల్లు మనం కట్టగలిగేది కాదు.

వీసా వచ్చిందో లేదో మీరు రాయలేదు. రాకపోతే టికెట్ కొనకండి, ధర ఎంత తక్కువ కనపడినా సరే. హైదరాబాద్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ తేదీ ఎప్పుడు దొరుకుతుందో చేతిలో ఉండదు, మా చుట్టాల్లో ఒకరు ముందే కొని క్యాన్సిల్ చేసుకుని సగం డబ్బు పోగొట్టుకున్నారు. వీసా చేతికొచ్చాక, డిసెంబర్ మొదట్లో చూడ్డం మొదలుపెట్టి సంక్రాంతి లోపు కొనేయండి. కొనేటప్పుడే ఇద్దరికీ వీల్‌చైర్ అడగండి. నడవలేక కాదు, దోహా లాంటి చోట గేటు నుంచి గేటుకు దారి చూపించే మనిషి తోడు ఉంటాడు. మధ్యలో మారడానికి కనీసం మూడు గంటలు ఉండేలా చూసుకోండి. మీ తేదీలు అటూ ఇటూగా ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, ఆ వారం ధరలు నేనూ చూసి చెప్తాను.