అమెరికాలో జెండర్ జస్టిస్ ఆర్గనైజర్లుగా (అంటే ఆడా మగా తేడా లేని న్యాయం కోసం జనాన్ని కూడగట్టేవాళ్ళుగా) నల్లజాతి ఆడవాళ్ళు ఎందుకు ముందుకొస్తారు?

వీళ్ళ గోడు మిగతా ఉద్యమాల్లో ఎవరికీ పట్టదు కాబట్టి, సింపుల్‌గా అంతే. కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ కేసే చూడండి, 1970ల్లో లేఆఫ్‌లు వచ్చినప్పుడు సీనియారిటీ లేదని నల్లజాతి ఆడవాళ్ళని తీసేశారు, ముందు నుంచీ ఉద్యోగాలిస్తే కదా సీనియారిటీ వచ్చేది! వాళ్ళు కోర్టుకెళ్తే, 1976లో కోర్టేమో ఆడవాళ్ళకి ఎప్పట్నుంచో ఉద్యోగాలిస్తున్నారుగా, ఇంక వివక్షెక్కడ, జాతి సంగతైతే వేరే కేసులో చూసుకోండి, రెండూ కలిపి అడిగితే కుదరదు అంది (ఆ ఉద్యోగాలు తెల్ల ఆడవాళ్ళవి లెండి). ఇలా ఎటూ కాకుండా పోయినవాళ్ళు సొంతంగా జనాన్ని కూడగట్టక ఏం చేస్తారు? నల్లజాతి ఉద్యమకారిణి తరానా బర్క్ 2006లోనే "మీ టూ" (నాకూ జరిగింది) అంటూ లైంగిక దాడులకి గురైన నల్లజాతి అమ్మాయిల కోసం పని మొదలుపెడితే, 2017లో హాలీవుడ్ నటి ట్వీట్ చేశాక గానీ లోకం పట్టించుకోలేదు.