రోలింగ్ స్టోన్స్ మంచి రోజులకు మిక్ టేలరే కారణమా?

సగం మాత్రమే నిజం. గిటారిస్ట్ టేలర్ 1969లో, ఇరవై ఏళ్ల వయసులో, ఈ బ్రిటిష్ రాక్ బ్యాండ్‌లో బ్రయన్ జోన్స్ స్థానంలో చేరి 1974 చివర్లో బయటికి వచ్చేశాడు. 'స్టికీ ఫింగర్స్' (1971), 'ఎగ్జైల్ ఆన్ మెయిన్ స్ట్రీట్' (1972) ఆల్బమ్‌లు ఈ మధ్యలోనే వచ్చాయి కాబట్టి అభిమానులు క్రెడిట్ మొత్తం ఆయన ఖాతాలో వేసేస్తారు.

కానీ 'బెగ్గర్స్ బాంక్వెట్' 1968లోనే వచ్చింది, టేలర్ అడుగుపెట్టకముందే. అప్పటికే జిమ్మీ మిల్లర్ ప్రొడ్యూసర్‌గా కుదురుకున్నాడు. పాటలు రాసేది ఎలాగూ గాయకుడు మిక్ జాగర్, గిటారిస్ట్ కీత్ రిచర్డ్స్‌లే. ఆ తర్వాత ఓపెన్ జి ట్యూనింగ్‌లో (తీగలు నొక్కకుండా మీటినా జి కార్డ్ పలికే శ్రుతి), ఆరో తీగ తీసేసి కీత్ వాయించిన రిఫ్‌లే (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ బాణీలు) బ్యాండ్‌కి వెన్నెముక అయ్యాయి.

మరి టేలర్ ఏం తెచ్చాడంటే, 'కాంట్ యు హియర్ మీ నాకింగ్' పాట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ముందు కీత్ రిఫ్ తెగ్గొట్టినట్టు, గరుగ్గా మోగుతుంది. మూడు నిమిషాలు కూడా కాకముందే పాట అయిపోయిందనిపిస్తుంది. కానీ వాయిద్యాలు ఆగవు. బాబీ కీస్ సాక్సఫోన్ అయ్యాక టేలర్ అందుకుంటాడు. ఎక్కడా హడావుడి ఉండదు, ఒక్కో స్వరాన్ని వంచి, సాగదీసి, పాడుతున్నట్టే వాయిస్తాడు. ఇది కీత్ చేసే పని కాదు, చేయాలనీ అనుకోలేదు.

టేలర్ వెళ్లాక కూడా, ఆ స్థానంలో వచ్చిన రానీ వుడ్‌తో 'సమ్ గర్ల్స్' (1978) ఆల్బమ్ బ్రహ్మాండంగా ఆడింది. అంటే హిట్లకి టేలర్ తప్పనిసరి కాదన్నమాట. తేడా తెలిసేది స్టేజీ మీదే. 1973 బ్రసెల్స్ కచేరీ రికార్డింగుల ముందు తర్వాతి టూర్లు నాకు చప్పగానే అనిపిస్తాయి.